మూడూ పన్నెండుకి ఆరిన దీపం

ఆవిడ మా గుమ్మం ఎక్కేసరికి పదకొండూ ఐదు. టైము అంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, పోలీసులు మా అబ్బాయిని జీపెక్కించుకుపోయిన తొమ్మిదింబావు నుంచి నేను గడియారానికి ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంది. అరవై దాటి ఉంటాయి. ఎవరు మాట్లాడుతున్నా తల కాస్త ఎడమకి వంచి వింటుంది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి, రిటైరయ్యాక నేరపరిశోధనలోకి దిగిందట. అందరూ ఆపరేటరమ్మ అంటారు. మాస్టారి కూతురు పంపితే వచ్చానని చెప్పింది.

మాస్టారు అంటే, నిన్న మధ్యాహ్నం నాలుగంతస్తుల మేడ మీంచి వెనకసందులో పడి, ఇప్పుడు ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్న పెద్దమనిషి. ఆ మేడ పై అంతస్తులో పిల్లలకి ఉచితంగా చదువుకునే గది నడుపుతున్నారు. మూడూ నలభైకి సందులోని దర్జీ చూసి కేక పెట్టాడు. కాలు జారిందనుకున్నారు. రాత్రి డాక్టరు ఆయన జబ్బ మీద వేళ్ళ గుర్తులు చూసి పోలీసులకి చెప్పాడు. తోసింది మావాడే అని పోలీసులంటున్నారు. అలాంటప్పుడు ఆయన కూతురు పంపిన మనిషి మా ఇంటికి మేలు చెయ్యడానికి ఎందుకొస్తుంది? కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయే రకం.

ఆవిడ మంచినీళ్ళు అడిగి తాగింది. తర్వాత మీవాడు ఏం పని చేస్తాడని అడిగింది.

నేను చదివింది ఏడో తరగతి. తెలిసినంతలో చెప్పాను. తీగ లాగడం కుదరని చోట, రెండు మేడల మీద రెండు డిష్షులు ఎదురెదురుగా బిగించి, గాలిలోంచి నెట్టు పంపుతాడు. అలా తొమ్మిది మేడల మీద ఉన్నాయి వాడి డిష్షులు. మొదటిది మా మేడ మీదే. పొద్దున్నే నిచ్చెన, తీగచుట్ట, లాప్‌టాపు పట్టుకుని పోతాడు. సాయంత్రం వచ్చి ఎవరో పారేసిన రూటర్లు విప్పుకుంటూ కూర్చుంటాడు. భోజనానికి మూడుసార్లు పిలవాలి, మూడోసారి తిట్టి పిలవాలి. వాళ్ళ నాన్న నిచ్చెన మీంచి పడి చనిపోయినవాడే. అందుకని మేడ ఎక్కిన ప్రతిసారీ వాడు నాకు ఫోను చేసి "ఎక్కానమ్మా" అనాలి, దిగాక "దిగానమ్మా" అనాలి. ఇరవయ్యారేళ్ళవాడు, స్నేహితులు నవ్వుతున్నా ఆ రెండు మాటలూ మానలేదు.

"నిన్న మూడింటికి ఎక్కడున్నాడు?"

"ఇంట్లోనే. పడుకున్నాడు." పొద్దున ఇన్‌స్పెక్టరుకి చెప్పిందే మళ్ళీ చెప్పాను.

"మీ ఫోను ఒకసారి ఇస్తారా చెల్లెమ్మా?"

ఇచ్చాను. ఇవ్వకపోతే ఏమవుతుందోనని ఇచ్చాను. ఆవిడ దాన్ని కంటికి దూరంగా పెట్టి చూసి, నెమ్మదిగా లెక్కపెట్టింది.

"మూడూ పదమూడు నుంచి మూడూ నలభై లోపల మీ అబ్బాయికి పదకొండుసార్లు ఫోను చేశారు. ఒక్కటీ ఎత్తలేదు. పక్కగదిలో పడుకున్న కొడుకుని లేపడానికి ఎవరైనా పదకొండుసార్లు ఫోను చేస్తారా?"

నేను ఫోను వెనక్కి తీసుకోబోయాను.

"నేను మిమ్మల్ని పట్టించడానికి రాలేదు," అంది ఆవిడ. "మాస్టారి కూతురికి వాళ్ళ నాన్నని తోసిందెవరో తెలియాలి. మీ అబ్బాయే అయితే మీ అబ్బాయే. కాకపోతే, మీ అబద్ధం అసలువాడికి గొడుగు పడుతోంది. వాడేమో గోడౌను మేడ మీద ఉన్నానన్నాడు. మీరేమో ఇంట్లో ఉన్నాడన్నారు. ఇద్దరిలో ఒకరిది అబద్ధమని తేలాక ఇన్‌స్పెక్టరు ఎవర్ని తీసుకెళ్తాడు?"

నేనే నా చేతులతో వాణ్ణి జీపెక్కించానన్నమాట. అది నాకు అప్పుడే, ఆ కుర్చీలోనే తెలిసింది.

అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండున్నరకి "ఎక్కానమ్మా" అన్నాడు, ఊరి అవతల గోడౌను మీంచి. గోడౌనుకి నిన్న సెలవు, వాణ్ణి చూసినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఫోను సంచిలో పడేసి, సంచి మెట్ల దగ్గర వదిలి పనిలో పడ్డాడట. ఐదింటికి "దిగానమ్మా" అన్నాడు. నా ఫోన్లు చూసి, చిన్న రిపేరు ఉంది చూసుకుని వస్తానన్నాడు. ఐదూ ముప్ఫయ్యైదుకి మళ్ళీ ఎక్కాడు, ఆరింటికి దిగాడు. రెండోసారి ఎక్కింది మాస్టారి మేడ. మాస్టారు పడిపోయిన సంగతి వాడికి తెలియదు. మేడ మేనేజరు తాళంచెవి ఇస్తూ, మాస్టారు పెందలాడే ఇంటికెళ్ళారని చెప్పాడట.

ఆపరేటరమ్మ తల ఇంకాస్త వంగింది. "మేనేజరు అలా అన్నాడా? అప్పటికి రెండు గంటలైంది ఆయన్ని ఆస్పత్రికి మోసుకుపోయి." మళ్ళీ అడిగింది, "సరే. మూడూ పదమూడుకి మీకెందుకు భయం పుట్టింది?"

నేను ఆవిడ తాగిన గ్లాసు తీసుకుని లేచాను.

ఆవిడ లేచి మావాడి గది చూడాలంది. గదిలో అడుగు పెట్టడానికి జాగా ఉండదు. గోడ నిండా మేకులకి తీగలు, బల్ల మీద విప్పిన పెట్టెలు, చిన్న చిన్న మరలు నా పాత కుంకుడుకాయల గిన్నెలో. ప్రతి పెట్టెకీ తెల్లటేపు మీద ఒక పేరు. మేడలకి వాడు పెట్టుకున్న ముద్దుపేర్లు అవి. మాటిమాటికీ ఆగిపోయేది "అలిగింది", సరిగ్గా అందనిది "చెవిటోడు". చదువుకునే గదిది మాత్రం మర్యాదగా "మాస్టారు". ఆవిడ ఏదీ ముట్టుకోకుండా వీటన్నిటినీ చదివింది. బల్ల అంచున ఉన్న నోటుపుస్తకం దగ్గర ఆగి, నన్ను అడిగి తెరిచింది. చాలాసేపు చదివింది. ఒక పేజీలో రుమాలు పెట్టి గుర్తు పెట్టుకుంది.

తర్వాత వంటగదిలోకి వచ్చింది.

వంటగది గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంది. చింపిన కాగితాలు పారెయ్యను. పక్కనే ఒక తీగకి గుచ్చి పెడతాను. ఆ పైన అలమారలో అగ్గిపెట్టెంత పెట్టె, దానికి పచ్చదీపం. అప్పుడూ వెలుగుతోంది. ఆవిడ దీపాన్ని చూసింది, కాగితాల గుత్తిని చూసింది, ఒక్కొక్కటే వేలితో తిప్పింది. కొన్నింటి మీద పెన్సిలుతో నేను రాసిన అంకెలు. పదో తారీఖు, ఉదయం ఏడూ ఇరవైకి ఆరింది, ఏడూ ముప్ఫైకి వెలిగింది. అలాగ.

"అన్ని రోజులూ ఉన్నాయి. నిన్నటిది లేదు," అంది.

నేను స్టవ్వు వైపు తిరిగి నిలబడ్డాను. ఆవిడ తొందరపెట్టలేదు. ఎక్స్చేంజిలో అవతలివాళ్ళు మాట్లాడేదాకా లైను పట్టుకుని కూర్చున్నట్టే కూర్చుంది. చివరికి నేనే పిండి డబ్బా దించి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, మడిచిన కాగితం తీసిచ్చాను. పిండి దులిపి ఆవిడ పైకే చదివింది.

"మూడూ పన్నెండు ఆరింది. ఐదూ యాభై వెలిగింది."

"ఆ దీపం మావాడిదమ్మా," అన్నాను. "నా బెంగ చూడలేక రెండేళ్ళ కిందట చేసిపెట్టాడు. ఇది వెలుగుతున్నంతసేపు నేను క్షేమంగా ఉన్నట్టేనమ్మా అన్నాడు. నిన్న మూడూ పన్నెండుకి ఆరిపోయింది. వీడు ఎక్కడో పడ్డాడనుకున్నాను. పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చి మాస్టారి మేడ మీద మూడూ పన్నెండుకే అంతా జరిగిందన్నాడు. అదే టైము. అదే అంకె. వాడికీ దానికీ సంబంధం లేకపోతే దీపం అప్పుడే ఎందుకారుతుంది? ఒక్క క్షణం... కన్నకొడుకుని... వాడే చేశాడేమో అనుకున్నాను. అనుకుని కాగితం దాచేశాను."

ఆపరేటరమ్మ నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఓదార్చలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, దీపం పెట్టె వెనక నుంచి పోతున్న సన్నతీగని వేలితో పట్టుకుని, అది ఎటు పోతోందో చూసింది. కిటికీ మూలలోంచి పైకి, మా మేడ మీది డిష్షుకి పోతోంది. పెట్టె తిరగేసింది. అడుగున తెల్లటేపు. దాని మీద వాడి చేతిరాత.

"మాస్టారు."

ఆవిడ దాన్ని నాకు చూపించింది. "చెల్లెమ్మా, ఈ దీపానికి మీ అబ్బాయి ఎక్కడున్నాడో తెలియదు. మీ మేడకీ మాస్టారి మేడకీ మధ్య లింకు ఉందా లేదా, అంతే తెలుసు. మీరు నిశ్చింతగా ఉంటారని ఆ మాట చెప్పాడు."

రెండేళ్ళు. పొద్దున లేవగానే ఆ దీపం చూసి గాని నేను పొయ్యి వెలిగించలేదు. వాడు మేడలెక్కి తిరుగుతుంటే, నేను మా మేడకీ మాస్టారి మేడకీ మధ్య గాలిని కాపలా కాశాను. కోపం రావాలి కదా. రాలేదు. ఏడుపు వచ్చింది గాని, ఏడవడానికి టైము దొరకలేదు. బయట జీపు ఆగింది. పదకొండూ యాభై.

ఇన్‌స్పెక్టరు కుర్రవాడే. చదువుకున్నవాడు, కంప్యూటరు కేసులన్నీ ఆయనకే ఇస్తారట. వస్తూనే ఇద్దరు మనుషులతో మావాడి గదిలో సామాను అట్టపెట్టెల్లోకి ఎత్తించడం మొదలుపెట్టాడు. ఆపరేటరమ్మని చూసి మొహం చిట్లించాడు.

"మీ కాలం తీగలకేసు కాదు మేడమ్ ఇది. మీరు ప్లగ్గులు గుచ్చుకునే రోజుల్లో ఇలాంటి చిట్టాలు లేవు."

"లేవు నాయనా. అందుకే టైము మేమే చేత్తో రాసేవాళ్ళం," అందావిడ. "నీ చిట్టా ఏమంటోంది?"

దాచాల్సిన పని లేదనుకున్నాడేమో, మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మాస్టారి మేడ మీద డిష్షు పెట్టె తనంతట తాను రాసుకునే చిట్టా అది. మూడూ పన్నెండుకి పెట్టె లేచింది. మూడూ పద్నాలుగుకి మావాడి పేరుతో, మావాడి లాప్‌టాపు తీగ దానికి తగిలించి ఎవరో లోపలికి వచ్చారు. మూడూ ఇరవై రెండుకి పని ముగిసింది. మూడింటికే తాళంచెవి తీసుకెళ్ళాడని మేనేజరు వాంగ్మూలం కూడా ఇచ్చాడు.

"తల్లేమో పడుకున్నాడంటుంది. కొడుకేమో గోడౌనంటాడు. యంత్రం మాత్రం అబద్ధం చెప్పదు."

"చెప్పదు. కాని దానికి టైము తెలియనప్పుడు ఏం చేస్తుంది?" ఆపరేటరమ్మ లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చి, రుమాలు పెట్టిన పేజీ తీసింది. "ఈ అబ్బాయికి మతిమరుపు ఎక్కువనుకుంటాను, తనకి తనే బుద్ధులు రాసుకున్నాడు. చదువు."

ఇన్‌స్పెక్టరు చదవకపోతే ఆవిడే చదివింది. "ఈ పెట్టెల్లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు తీసి పెడితే, ఆగిన టైము నుంచే మళ్ళీ లెక్క మొదలుపెడతాయి. నెట్టు అందాకే అసలు టైముకి వస్తాయి. ఈలోగా రాసిన చిట్టా నమ్మి ఒకరోజంతా తిరిగి చచ్చాను. ఇంకెప్పుడూ నమ్మకు."

గదిలో సామాను ఎత్తుతున్న చప్పుడు ఆగింది.

"మూడూ పన్నెండుకి పెట్టె లేవలేదు," అంది ఆవిడ. "మూడూ పన్నెండుకి ఎవరో కరెంటు తీశారు. ఐదూ నలభైకి ఈ అబ్బాయి వచ్చి కరెంటు పెట్టాడు. పాపం దానికి ఇంకా మూడూ పన్నెండే. పక్కకి తిరిగిపోయిన డిష్షు సరిచేసేదాకా నెట్టు లేదు, అసలు టైమూ లేదు. అది రాసుకున్న మూడూ పద్నాలుగు, మనకి ఐదూ నలభై రెండు."

"ఇవన్నీ వాడి పుస్తకంలోని మాటలు. వాడే రాసుకున్నాడు."

"వద్దు, నమ్మకు. నీ చిట్టానే అడుగు. నువ్వు మూడు నుంచి మూడున్నర వరకే తెప్పించుకున్నావు. మూడూ ఇరవై రెండు తర్వాతి వరుస ఏమిటో చూశావా?"

ఆయన చూడలేదు. ఆ సంగతి ఆయన మొహమే చెప్పింది. స్టేషనుకి ఫోను చేసి, చిట్టా తీసిన మనిషిని పిలిచి, ఆ కింది వరుస చదవమన్నాడు. అవతలి గొంతు మాకందరికీ వినపడింది.

"దాని కింద ఐదూ యాభై ఉంది సార్. మధ్యలో ఏం లేదు. ఏదో తప్పు పడ్డట్టుంది."

ఆపరేటరమ్మ పిండి అంటిన క్యాలెండరు కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఐదూ యాభై వెలిగింది. నా పెన్సిలు రాత. వంకర అంకెలు. నా రాత చూసి జన్మలో ఎవరూ అంతసేపు ఆగలేదు.

ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. మంచివాడే. ఓడిపోయానని అనలేదు గాని, గొంతు మారింది. "అయితే మూడూ పన్నెండుకి కరెంటు తీసిందెవరు?"

"ఆ ప్లగ్గు ఎక్కడుంటుందమ్మా?" ఆవిడ నన్నే అడిగింది.

నాకు తెలుసు. వాడు వందసార్లు విసుక్కున్నాడు. మేడ మీద మెట్ల పక్కన ఇనప అలమారలో ఉంటుంది. దాని తాళంచెవి ఎప్పుడూ మేనేజరు మొలకే. ప్రతిసారీ కిందికి దిగి అడుక్కోవాలి.

"మూడింటికే తాళంచెవి ఇచ్చానన్న మనిషి," అంది ఆపరేటరమ్మ. నోటుపుస్తకం ఇంకో పేజీ తిప్పింది. తారీఖు మూడు రోజుల కిందటిది. ఈసారి పైకి చదవలేదు, నాకు వినపడేలా చెప్పింది. మాస్టారి లింకు మీదికి పేరులేని పరికరం ఒకటి వచ్చి చేరిందని వాడు రాసుకున్నాడు. ఉన్నది రెండో అంతస్తులో. రోజంతా బయటికి పంపుతూనే ఉంది, తీసుకునేది ఏమీ లేదు. మాస్టారికి చెప్తే, నువ్వు కలగజేసుకోకు, నేనే కనుక్కుంటానన్నారు.

"రెండో అంతస్తులో ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు," అన్నాను నేను. అన్నాక నా మాటే నాకు చల్లగా తగిలింది.

"ఎప్పుడూ పంపుతూ, ఏమీ తీసుకోనిది కెమెరా," అంది ఆవిడ. "మాస్టారు దాన్ని కనిపెట్టి, పైకి వెళ్ళి నిలదీసి ఉంటారు. కెమెరా పంపే బొమ్మలు మాస్టారు ఎవరికీ చూపించకుండా మేనేజరు ముందు కరెంటు తీశాడు. తర్వాత ఆయన జబ్బ పట్టుకున్నాడు. ఆ పెనుగులాటలోనే డిష్షు పక్కకి తిరిగింది." పుస్తకం మూసింది. "ఇప్పుడా మేనేజరు ఎక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు.

"మీ అబ్బాయిని మేడ మీదికి పంపాను," అన్నాడు నా వైపు చూడకుండా. "నిన్న ఏ వరసలో ఏం చేశాడో చేసి చూపించమని. పన్నెండింటికి. ఒక కానిస్టేబులు తోడున్నాడు. అలమార తాళం తియ్యాలి కదా, అందుకని..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు.

ఎందుకు తల తిప్పానో నాకు తెలియదు. రెండేళ్ళ అలవాటు. వంటగది తలుపులోంచి అలమార కనిపిస్తుంది.

దీపం ఆరిపోయి ఉంది.

"ప్లగ్గు ముట్టుకోవద్దని చెప్పావా?" ఆపరేటరమ్మ అడిగింది.

"ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను." ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని గుమ్మం దాటుతున్నాడు. కానిస్టేబులు పలికాడు. కిందనే ఉన్నాను సార్, మెట్ల గేటుకి లోపల్నించి గడియ పడిపోయింది, పైన కుర్రాడూ మేనేజరూ ఇద్దరే ఉన్నారు, అన్నాడు. గేటు పగలగొట్టమని ఇన్‌స్పెక్టరు అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

నేను ఆయన వెనకే చెప్పులు లేకుండా పరుగెత్తబోయాను. ఆపరేటరమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా.

"రాసి రండి. ఎంతయింది?"

"ఇప్పుడా?"

"మీరు నిన్న రాశారు కాబట్టే ఇవాళ వాడి తరఫున ఒక సాక్ష్యం ఉంది. రాయండి."

గడియారం చూశాను. ఇవాళ్టి కాగితం మీద రాశాను. పన్నెండూ ఏడు, ఆరింది.

ఆ దీపానికి వాడి సంగతి ఏమీ తెలియదని ఇందాకే చెప్పారు నాకు. వాడు నాకు చెప్పిన అబద్ధం ఈ ఒక్కసారికి నిజమైంది.

పెన్సిలు పెట్టబోయి ఆగాను. ఎప్పుడూ చేసేదే చేశాను. పక్కన ఇంకో టైము పట్టేంత జాగా వదిలి, "వెలిగింది" అని రాసి, జీపు దగ్గరికి పరుగెత్తాను.